సున్నా చేతుల ఫోను

ఎడమ చేతిలో ఫోను, కుడి చేత్తో పెరుగన్నం. కొత్త ఫోన్ల మంచిచెడ్డలు తూచే ఈ తూనికశాలలో భోజనాలు ఇలాగే సాగుతాయి. పొద్దున్న ముద్ర విప్పి ఫోను అందుకున్న తూనికరి, సాయంత్రం తీర్పు చెప్పేదాకా దాన్ని కింద పెట్టకూడదు. తింటున్నా, నీళ్లు తాగుతున్నా, ఆఖరికి తుమ్మొచ్చినా సరే. మనిషి చేతి వేడీ చెమటా తగలందే ఫోను గుణం బయటపడదని మొదటితరం తూనికరులు పెట్టిపోయిన ఆనవాయితీ అది. ఆ విషయంలో కాకినాడ శాల మొత్తానికి సత్యవేణిని మించినవాళ్లు లేరు. తోటివాళ్లు ఆమెను ఉడుంపట్టు సత్యవేణి అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా కసురుకుంటుంది గానీ, లోపల పొంగిపోతుంది. పొంగిపోదూ మరి! ఆ పట్టుచేతికి శాలవారు తొడిగిన రాగి కడియం ఇంకెవరికుంది? ఆమె చెప్పిన తీర్పు ఇంతవరకు ఒక్కటీ తిరిగి రాలేదు.

"బరువెక్కువ" అంది సత్యవేణి, ముద్ద మింగి.

"నమోదైంది" అంది తులసూచి. బల్ల అంచులోంచి వచ్చే ఆ యంత్రం గొంతుకు కోపమూ లేదు, ఆకలీ లేదు. బల్ల మధ్యనున్న వెండి ముల్లు వెంట్రుకవాసి వెనక్కి జరిగింది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మంగాయమ్మ ఆ ముల్లునే చూస్తోంది. సామర్లకోట కాలవగట్టు మీద ఆమె నడిపే చిన్న కార్ఖానాలో పుట్టిందే ఈ ఫోను. వాళ్లు ముచ్చటపడి విశాల అని పేరు పెట్టుకుంటే, శాలలో పెట్టె తెరిచీ తెరవగానే అందరూ పెనం అనేశారు. తెర అంతుంది మరి. పైగా కాసేపు వాడితే వెచ్చబడుతుంది కూడా! డబ్బున్నవాళ్లంతా కంట్లో పెట్టుకునే తెరపొరలకు మారిపోయాక ఫోను అనేది లేనివాళ్ల వస్తువైపోయింది. వాళ్లకు అందే ధరలో ఇంత తెర ఇచ్చినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

"బరువంటే మరి, బేటరీ పెద్దదండి" అంది మంగాయమ్మ ఉండబట్టలేక.

"తయారీదారు వివరణకు అనుమతి లేదు" అంది తులసూచి.

"కంగారుపడకండి. పొద్దున్నించీ వాయించేస్తున్నా సగం కూడా దిగలేదు. అదీ చెప్పాను" అంది సత్యవేణి.

చెయ్యి కడుక్కుని మళ్లీ పనిలో పడింది. వరండాలోకి వెళ్లి ఎండలో పట్టింది; తెర వెలవెలబోయింది. మెట్ల కింద చీకట్లో ఫోటో తీసింది; బురదనీళ్లలా వచ్చింది. ఒకేసారి నాలుగు పనులు చెబితే నత్తనడక నడిచింది. అన్నీ ఉన్నవున్నట్టు చెప్పేసింది. సత్యవేణికి జాలి చూపించే అలవాటు లేదు. పక్కబల్లకు వినబడేంత గట్టి స్పీకరు, తడివేళ్లకూ పలికే తెర, ఒక్క మర విప్పితే ఇంట్లోనే బాగుచేసుకోగల అమరిక, ఇవి చెప్పేటప్పుడు కూడా పిసినారితనం చూపలేదు. ముల్లు వెనక్కీ ముందుకీ ఊగి నూటికి డెబ్భై రెండు దగ్గర ఆగింది.

"వీపు మీద ఈ గూనొకటి. అరచేతిని ఒత్తేస్తోంది" అందామె చివరగా.

మంగాయమ్మ ఏదో అనబోయి, బల్ల వైపు చూసి నోరు మూసుకుంది. ముల్లు డెబ్భైకి దిగింది.

అరవై దాటితే ఆ నమూనాకు మాటలు మోసే నింగిదారి శాశ్వతంగా తెరుచుకుంటుంది. దాటకపోతే అందులో ఒక్క ఫోనూ ఎక్కడా పలకదు. కార్ఖానాలో ఇప్పటికే పేర్చిపెట్టినవన్నీ కరుగుశాలకు పోవలసిందే, కార్ఖానాకు తాళం పడవలసిందే. డెబ్భై అంటే దాటినట్టే కదా అనుకోవడానికి లేదు. ఆఖరి మెట్టు ఇంకా ఉంది. వచ్చిన అంకెను పట్టే చేతుల లెక్కతో భాగించడం తులసూచి పద్ధతి. ఒంటిచేత్తో వాడగలిగితే అంకె అంకెలాగే ఉంటుంది. రెండు చేతులు కావాలంటే సగమే. సత్యవేణి బొటనవేలు ఈ తెరకు సగం దూరం కూడా అందడం లేదు. సగమంటే ముప్పై అయిదు. ఆ సంగతి మంగాయమ్మకూ తెలుసు. అందుకే చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

అప్పుడే ఫోను మోగింది. తీర్పు వచ్చేదాకా నమూనా ఫోనుకు నింగిదారి తెరిచే ఉంటుంది, వచ్చిన కాల్ ఎత్తడమూ పరీక్షలో భాగమే. సత్యవేణి ఎత్తింది. తెర మీద ఒక నడివయసు మనిషి. నోరు మెదపకుండా రెండు చేతులూ గబగబా తిప్పుతున్నాడు.

"మా ఆయనండి, సూరిబాబు. ఆయనకి వినపడదు, మాట లేదు. చేతుల్తోనే మాట్టాడతారు. ఏవైందో అని ఆత్రం" అంది మంగాయమ్మ లేచి నిలబడి.

సత్యవేణి ఫోనును ఆమె ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. మంగాయమ్మ చేతులు కదిలాయి. అవతల ఆయన మోచేతుల నుంచి వేళ్ల కొసల దాకా తెరలో పట్టాడు, ఒక్క వేలు కూడా బయటికి పోలేదు. ఆయన ఏదో చూపించాడు. మంగాయమ్మకు అంత దిగులులోనూ నవ్వొచ్చింది.

"ఏమంటున్నారు?"

"ఇంతసేపూ బొమ్మ ఇసుమంతైనా కదల్లేదంట. ఆ చెయ్యి ఎవరిదో గానీ బలే చెయ్యంట."

సత్యవేణి భుజాలు వాటంతట అవే నిటారయ్యాయి. పొగడ్త ఎవరికి చేదు!

"అయినా మీరెందుకండీ అలా మొయ్యడం? కింద పెట్టేయండి, అదే నిలబడద్ది. ఆ గూని అందుకేనండి. చిన్న ఫోనులో చేతులు పట్టవు, చేత్తో పట్టుకుంటే మాట్టాడ్డానికి చెయ్యుండదు. ఆయన బాధ చూళ్లేకే ఇది చేశావండి."

"తయారీదారు వివరణకు అనుమతి—"

"నువ్వాగు" అంది సత్యవేణి తులసూచితో.

ఆమె కుడి చేత్తో ఆ గూనిని తడిమి చూసింది. ఇన్నేళ్లుగా ఎన్ని వందల ఫోన్లు ఈ శాలలో చేతులు మారాయో! ఒక్కదాన్నీ ఎవరూ కింద పెట్టలేదు. పెట్టనప్పుడు నిలబడుతుందో పడుతుందో ఎలా తెలుస్తుంది? తాను చెయ్యి వదలకపోవడమే గొప్ప అనుకుంది. ఆ చేతిలో ఇమడలేదనే కదా పెద్ద తెరలన్నిటి అంకెనూ సగానికి కోసిపారేసింది! రాగి కడియం వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత పెనాన్ని బల్ల మీద పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

అది నిలబడింది. గూని మీద ఆనుకుని, కాస్త వెనక్కి వాలి, నిక్షేపంగా నిలబడింది. ఇవతల రెండు చేతులు, అవతల రెండు చేతులు, ఎడతెరిపి లేకుండా మాట్లాడుకున్నాయి. సత్యవేణి కళ్లార్పకుండా చూసింది. ఆ చేతుల వేగం చూస్తుంటే తన కడియమంత గొప్ప వాటికీ ఉందనిపించింది.

"పట్టు విడిచినట్టు గుర్తించాను. తీర్పు చెప్పండి. పట్టే చేతులు ఒకటా, రెండా?" అంది తులసూచి.

"సున్నా."

"సున్నా ఆమోదయోగ్యం కాదు."

"ఇది తూనికరి చేతివాక్కు. కాదనే అధికారం నీకు లేదు. బరువుందని చెప్పాను, వేడెక్కుతుందని చెప్పాను, నత్తనడకనీ చెప్పాను. అందులో ఒక్కటీ వెనక్కి తీసుకోను. ఆ గూని మాత్రం లోపం కాదు, కాలు. రాసుకో. పట్టే చేతులు సున్నా."

తులసూచి సున్నాతో భాగించడం మొదలుపెట్టింది. ముల్లు డెబ్భై రెండుకు ఎక్కింది, తొంభై దాటింది, కొసదాకా పోయి అక్కడ గజగజ వణికింది. శాలలో బల్లలెన్ని ఉన్నా తులసూచి ఒక్కటే. పక్కబల్ల ముల్లు వణికింది, దాని పక్కదీ వణికింది. "నా లెక్క ఆగిపోయిందేంటి?" అని ఎవరో అరిచారు. చేతుల్లో ఫోన్లతో తూనికరులంతా లేచి నిలబడ్డారు. తీర్పు పూర్తి కాలేదు గనక నింగిదారి మూసుకోలేదు. సూరిబాబు తెర మీద అలాగే ఉన్నాడు.

గోడ మీది స్పీకరు గరగరలాడింది. శాలాధికారి గొంతు.

"ఏమ్మా సత్యవేణీ, ఏం చేశావ్? ఫోను ఎవరి చేతిలో ఉంది?"

సత్యవేణి రెండు ఖాళీ చేతులూ అందరికీ కనబడేలా పైకెత్తింది. ఎడమ చెయ్యి తేలిగ్గా, కొత్తగా ఉంది. కడియం మోచేతి వైపు జారింది. పక్కబల్ల దగ్గర ఎవరో తమ ఫోనును మెల్లగా కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"ఎవరి చేతిలోనూ లేదండి. అదే నిలబడింది."