మడ్‌గార్డు నట్టు

ఆ ఊళ్ళో ఎవరైనా సైకిల్ వెనక్కి తెచ్చారంటే, ఊరు వదిలి వెళ్ళిపోతున్నారని అర్థం.

కాలేజీ పెద్దది, ఊరు మధ్యరకం. కాలేజీ తెరిచిన వారంలో కొత్తగా వచ్చినవాళ్ళు పాత సైకిళ్ళు కొనుక్కుంటారు. చదువయ్యాక అవే సైకిళ్ళు అదే షాపులో ఇచ్చేసి బస్సెక్కుతారు. అద్దె గదుల్లో మేకులు ఒకరు కొట్టినవి, వాటికి వేలాడే చొక్కాలు ఇంకొకరివి. ఊరికి అదేం పెద్ద బాధ కాదు. సైకిల్ షాపు ఆయన కూతురికే బాధ.

ఆమె డిగ్రీ ఆ కాలేజీలోనే చదివింది, పని నాన్న దగ్గర నేర్చుకుంది. గుర్తున్నది రెండోదే. చదువుకునే రోజుల్లో నలుగురు ప్రాణస్నేహితురాళ్ళు ఉండేవారు. నలుగురి సైకిళ్ళూ తన చేత్తోనే వెనక్కి తీసుకుంది. మొదట్లో రోజూ మెసేజీలు, తర్వాత పుట్టినరోజులకి, ఆ తర్వాత ఎవరి ఫోన్లో ఎవరి నెంబరు పోయిందో తెలియదు. అప్పుడే ఒక నియమం పెట్టుకుంది: సైకిల్‌ని పట్టించుకోవాలి, తొక్కేవాళ్ళని కాదు.

ఆ నియమం బాగానే నడిచింది, అతను వచ్చి నల్ల సైకిల్ ముందు నిలబడి, "దీని చరిత్ర ఏంటండీ?" అని అడిగేదాకా.

"సైకిల్ కొనడానికొచ్చారా, సంబంధం చూడ్డానికొచ్చారా?"

"ఏదైనా ముందు వాకబు చెయ్యాలి కదా."

"ముగ్గురు తొక్కారు. ఇద్దరు పాసయ్యారు. మూడో ఆయన సంగతి అడక్కండి."

అతను నవ్వి, ట్యూబుకి గాలి కొడుతున్న నాన్న వైపు తిరిగాడు. "బాబాయ్ గారూ, మీ అమ్మాయి అందరితోనూ ఇలాగే మాట్లాడతారా?"

"లేదు మాస్టారూ, కొనేవాళ్ళతో కాస్త మర్యాదగా ఉంటుంది. ఇప్పుడు మీరు చూసింది మర్యాదే."

ఏడాది కాంట్రాక్టు మీద వచ్చిన లెక్చరరు. కళ్ళజోడూ, భుజాన సంచీ, తీరిగ్గా మాట్లాడే తీరూ చూసి, చెప్పేది రాజుల పాఠాలే అయివుంటుందని ఆమె తీర్మానించేసింది. 'చరిత్ర మాస్టారు' అని పేరు కూడా పెట్టేసింది. అతను కాదనలేదు.

సైకిల్ కొన్న వారం తిరక్కుండానే మడ్‌గార్డు లొడలొడమంటోందని వచ్చాడు. ఆమె పానా తీసుకుని కూర్చుంది. అంతలో వాన. అతను రేకు కిందకి జరిగి, వాననే చూస్తూ అడిగాడు.

"అందరూ వెళ్ళిపోయే ఊళ్ళో ఉండిపోవడం ఎలా ఉంటుందండీ?"

"అలవాటైపోయింది."

"అలవాటైందా అనడగలేదు. ఎలా ఉంటుందని అడిగాను."

ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తల వంచుకుని పానా తిప్పింది. నట్టు మాత్రం ఆఖరి అర చుట్టు బిగించకుండా వదిలేసింది. ఎందుకో తెలియదని తనకు తాను చెప్పుకుంది.

మరుసటి శనివారం మళ్ళీ లొడలొడ, మళ్ళీ అతను. ఆపై శనివారమూ అంతే. బ్రేకుల జోలికి మాత్రం ఆమె పోలేదు. ఎంత ఇష్టమైతే మాత్రం ప్రాణాల మీదికి తెస్తామా?

"మీ రాజులెలా ఉన్నారు?" అనేది.

"యుద్ధంలో ఉన్నారు. ఈలోగా దీని సంగతి చూడండి."

వెళ్ళేటప్పుడు "వస్తాను బాబాయ్ గారూ" అని నాన్నకు చెప్పేవాడు. ఆ 'బాబాయ్' విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది.

పరీక్షలయ్యాయి. షాపు ముందు వెనక్కొచ్చిన సైకిళ్ళు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. టైరు మార్పించుకోవడానికొచ్చిన కాలేజీ గుమాస్తా, "మీ మాస్టారి కాంట్రాక్టు శుక్రవారంతో సరి" అని చల్లగా చెప్పిపోయాడు.

శనివారం అతను వచ్చాడు. తొక్కుతూ కాదు, నడిపించుకుంటూ. అలా తెచ్చేవాళ్ళు ఇచ్చేసి పోవడానికే తెస్తారు.

ఆమె తలెత్తలేదు. "ఆ వరసలో పెట్టి, తాళంచెవి నాన్నకివ్వండి. బస్సెన్నింటికి?"

"ఏ బస్సు? ముందు ఈ చప్పుడు చూడండి."

"ఇంకెందుకు లెండి. కొనేవాళ్ళు చూసుకుంటారు."

అతను సంచిలోంచి నూనె మరకల పానా ఒకటి తీశాడు. గొంతుక్కూర్చుని, మణికట్టు ఒక్కసారి తిప్పాడు. నట్టు బిగిసింది. అది రాజుల పాఠాలు చెప్పే చెయ్యి కాదు.

"మీకు పానా పట్టడం వచ్చా!"

"కాలేజీ వర్క్‌షాపు నాదేనండీ. నట్లు ఎలా బిగించాలో పిల్లలకి నేర్పేది నేనే."

"మరి చరిత్ర?"

"మీరు పెట్టిన పేరు. బావుందని ఉంచుకున్నాను."

ఆమె గుండె జారి చెప్పుల్లోకి వచ్చింది. "అయితే ఈ నట్టు సంగతి..."

"ప్రతిసారీ అర చుట్టే. పొరపాటైతే ఒకసారి పావు, ఒకసారి ముప్పావు ఉండాలి. ఇంత పద్ధతిగా వదిలేస్తే పొరపాటంటారా? పిల్లలు నాకు 'లొడలొడ సార్' అని పేరు పెట్టారు."

"మరి బిగించుకోవచ్చుగా!"

"బిగించుకుంటే శనివారం ఏ మొహం పెట్టుకుని రాను?"

ఆమె చేతిలోని గుడ్డను మడతలు పెట్టింది. "ఇవాళ బిగించేశారుగా. వెళ్ళిపోతున్నారనేగా?"

"పాత కాంట్రాక్టు అయిపోయింది. నిన్న మూడేళ్ళకి కొత్తది ఇచ్చారు. మూడేళ్ళు ఆ చప్పుడు నావల్ల కాదు. నట్టు వంక లేకుండా రావచ్చేమో అడుగుదామని వచ్చాను. దీనికి వెనక క్యారియర్ కూడా కావాలి."

"అడగడానికి నడుచుకుంటూ రావాలా?"

"తొక్కితే నాలుగు నిమిషాల్లో వచ్చేస్తాను. ఏం చెప్పాలో ఆ కాస్త సేపట్లో తేలట్లేదు."

వాన చినుకులు రేకు మీద మొదలయ్యాయి. "మూడేళ్ళ తర్వాత?" అందామె.

"అప్పుడూ ఈ సైకిల్ వెనక్కివ్వను. ఎక్కడికెళ్ళాల్సొచ్చినా ఇద్దరం కలిసి ఆలోచించుకుందాం. కావాలంటే బాబాయ్ గారి ముందు రాసిస్తా."

"ముందా బాబాయ్ అనడం మానెయ్యండి మాస్టారూ!"

టైర్ల గుట్ట వెనకనుంచి నాన్న. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"చిన్నప్పటినుంచీ పని నేర్పిన పిల్ల, ఒక్క నట్టుకి ఇన్ని శనివారాలా? షాపు పరువు పోతున్నా నోరు మూసుకున్నాను. అదలా ఉంచండి. నన్ను బాబాయ్ అంటే ఇది మీకేమవుతుంది? వరసలు చూసుకోరూ?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె వైపు చూశాడు. ఆమె కాదనలేదు.

"అయితే... మావయ్య గారూ అనమంటారా?"

"అది మీరిద్దరూ తేల్చుకోండి. నాకు పంచర్లున్నాయి." కొక్కేనికి వేలాడుతున్న క్యారియర్ తీసి కూతురి చేతిలో పెట్టాడు. "ఇది మాత్రం గట్టిగా బిగించు తల్లీ. ఈసారి అర చుట్టు వదిలావంటే, పడేది నువ్వే."

అతను సైకిల్ కదలకుండా పట్టుకున్నాడు. ఆమె నట్లన్నీ ఆఖరి అర చుట్టు దాకా బిగించి, బరువు ఆగుతుందో లేదో చూడాలి కదా అని, ఎక్కి కూర్చుంది.