కఫీలు గారి డేగిసా

శనివారం పొద్దున్నే రామప్రసాద్ ఫోను తీసి చూసి, మళ్ళీ బల్ల మీద బోర్లా పెట్టేశాడు. తొమ్మిది రోజులుగా ఇదే వరస.

"కఫీలు గారూ, టీ," అంటూ చాముండేశ్వరి కప్పు తెచ్చి సరిగ్గా ఆ ఫోను పక్కనే పెట్టింది.

కఫీలంటే ఈ అరబ్బు దేశంలో మనం ఉండటానికి పూచీ పడ్డ మనిషి. రామప్రసాద్‌కి అతని కంపెనీ కఫీలు. భార్యకీ, కూతురు భవితకీ అతనే కఫీలు. పాతికేళ్ళుగా జుబైల్ ఫ్యాక్టరీలో వాల్వులు చూసుకుంటున్న ఆ ఇంజనీరుకి ఇంట్లో దక్కిన అధికారం అదొక్కటే. అదీ కాగితం మీద.

భవిత వాననీటి కాలువల గురించి పైచదువు చదివింది. దేశానికి ఆ చివరున్న తబూక్‌లో ఉద్యోగం వచ్చింది. చేరాలంటే ఆమె ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి పత్రం, తండ్రి పేరు మీంచి కంపెనీ పేరు మీదికి మారాలి. అందుకు తండ్రి ఫోన్లోని ప్రభుత్వ యాపులో 'అంగీకరిస్తున్నాను' అని ఒక్కసారి నొక్కాలి. గడువు ఆ సాయంత్రం ఆరు గంటలు. దాటితే ఉద్యోగం ఇంకొకరికి.

"తబూక్‌లో మంచు పడుతుందిట," అన్నాడు రామప్రసాద్, టీలోకి చూస్తూ.

"ఎడారిలో వానకాలువలేమిటని మొన్న అన్నారు. దూరమని నిన్న. ఇవాళ మంచా నాన్నా?" అంది భవిత.

"రేపటికి ఏ సాకూ వెతుక్కోనక్కర్లేదులే. గడువే ఉండదు," అంది తల్లి.

భవిత లేచింది. "అది సరే, డాబా మీద తూములో గుడ్డ కుక్కారు, తీసెయ్యమని మొన్నే చెప్పాను. మబ్బు పట్టింది."

"బొద్దింకలొస్తాయి. ఏడాదికి రెండు చినుకులు పడే ఊళ్ళో తూముకి తొందరేమిటి?"

ఆ మాటతో సభ ముగిసింది. ముగ్గురూ కూరగాయల కోసం దమ్మామ్ బయల్దేరారు. ఎంత పోట్లాట ఉన్నా ములక్కాడలు కొనాల్సిందే కదా.

తిరుగు దారిలో రెండున్నరకే ఆకాశం మాడిన మూకుడు రంగుకి తిరిగింది. ముందు గాలి, వెనకే వాన, ఆ వెనక కారు పైకప్పు మీద టపటపా. మినపగుళ్ళంత వడగళ్ళు శనగలంతయ్యాయి, శనగలంతవి రేగుపళ్ళంతయ్యాయి. కాసేపటికి రోడ్డు తెల్లగా, నున్నగా మెరిసింది. ముందు వెళ్తున్న వ్యాను నెమ్మదిగా పక్కకి జారి, ఎటు వెళ్ళాలో మర్చిపోయినట్టు అడ్డంగా నిలబడింది.

కొంచెం దూరంలో రోడ్డు పల్లంలోకి దిగి వంతెన కిందుగా వెళ్తుంది. కార్లన్నీ అక్కడే దూరుతున్నాయి. రామప్రసాద్ కూడా అటే తిప్పాడు.

"అక్కడికొద్దు నాన్నా."

"పైన కప్పుంది. అందరూ ఆగారు."

"కిందికి చూడండి. రోడ్డు మీది నీళ్ళన్నీ అందులోకే వెళ్తున్నాయి. వడగళ్ళు తూముల్ని మూసేస్తే పది నిమిషాల్లో నిండుతుంది. ఎడమ పక్క ఎత్తుగా ఉన్న పెట్రోలు బంకులోకి పోనివ్వండి. బ్రేకు వెయ్యకండి, చిన్న గేరులో ఎక్కించండి."

"నేను ఈ రోడ్డు మీద పాతికేళ్ళుగా..."

"ఏమండీ," అంది చాముండేశ్వరి వెనక సీట్లోంచి, ములక్కాడల కట్టని ఒళ్ళో పెట్టుకుని, "పాతికేళ్ళలో ఇక్కడ మంచు మీద మీరెన్నిసార్లు నడిపారు?"

రామప్రసాద్ గేరు తగ్గించి బంకులోకి ఎక్కించాడు. అతను కూతురి మాట వినడం చాముండేశ్వరి అదే మొదటిసారి చూసింది. ముఖం కిటికీ వైపు తిప్పుకుని నవ్వుకుంది.

పది నిమిషాలు కాలేదు. వంతెన కింద కార్ల తలుపుల దాకా నీళ్ళొచ్చాయి. మనుషులు కిటికీల్లోంచి బయటికి వచ్చి కార్ల మీదికి ఎక్కుతున్నారు. భవిత అప్పటికే ఫోన్లో అత్యవసర నంబరుకి ఆ చోటు చెప్తోంది. తడబాటు లేదు, అరుపు లేదు. కూరలో ఉప్పు చాలలేదని చెప్పినంత మామూలుగా చెప్తోంది. సహాయం బండి వచ్చి అందర్నీ గట్టుకి చేర్చేదాకా రామప్రసాద్ కూతుర్ని అలా చూస్తూనే ఉన్నాడు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి అయిదయింది. కరెంటు లేదు. డాబా మెట్ల మీంచి నీళ్ళు ధారగా హాల్లోకి దిగుతున్నాయి. ఎందుకో ఎవరూ అడగలేదు. భవిత చీపురు పట్టుకుని పైకి పరుగెత్తింది.

డాబా మీద మడమ లోతు వడగళ్ళు. పైనుంచి మళ్ళీ పడుతున్నాయి. ఆమె వంగి, చన్నీళ్ళలో చేతులు పెట్టి తూము కోసం తడుముతోంది. ఉన్నట్టుండి తల మీద దెబ్బలు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే, వెనక తండ్రి బిర్యానీ డేగిసాని బోర్లించి ఆమె తల మీద పట్టుకుని నిలబడ్డాడు. దాని మీద వడగళ్ళు తప్పెట వాయిస్తున్నాయి. ఆయన బట్టతలకి మాత్రం ఏ అడ్డూ లేదు.

గుడ్డ ఊడొచ్చింది. నీళ్ళు గుడగుడమంటూ దిగిపోయాయి.

"ఆ గుడ్డ నేనే పెట్టాను," అన్నాడు, అక్కడ ఇంకెవరైనా పెట్టి ఉంటారన్నట్టు.

కింద చాముండేశ్వరి తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, గ్యాసు పొయ్యి మీద మిరియాల చారు పెట్టింది. భవిత ఎర్రబడ్డ చేతుల్ని గ్లాసు చుట్టూ చుట్టుకుంది. గడియారం చూడటం లేదు. చూడటం లేదని తెలుస్తూనే ఉంది.

"దూరమూ కాదు, మంచూ కాదమ్మలూ," అన్నాడు రామప్రసాద్. "ఆ యాపు తెరిస్తే నా కింద మీ ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి. యాపు రాకముందు కాగితం మీద, తర్వాత ఇందులో, ఇరవై రెండేళ్ళుగా చూసుకుంటున్నాను. అందులోంచి నీ పేరు నా వేలితో నేనే తీసెయ్యాలంటే..."

భవిత గ్లాసు కింద పెట్టింది.

అతను ఫోను తీశాడు. నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. "సిగ్నల్ లేదు."

గోడ మీద అయిదూ నలభై మూడు.

తొమ్మిది రోజులు తీరిగ్గా కూర్చున్న మనిషి డేగిసా నెత్తిన బోర్లించుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. తల్లీకూతుళ్ళు వెనకే వెళ్ళారు. డాబా ఒక మూల నుంచి ఇంకో మూలకి, వడగళ్ళ మీద జారుతూ, ఫోను ఆకాశానికెత్తి తిరిగాడు. చివరికి నీళ్ళ ట్యాంకు పక్కనున్న దిమ్మెక్కాడు. సిగ్నల్ ఒక గీత వచ్చింది. మళ్ళీ నొక్కాడు.

"ఓటీపీ వచ్చింది," అన్నాడు. "నా కళ్ళజోడు తడిసింది. నువ్వు చదువమ్మా."

భవిత అంకెలు ఒక్కొక్కటే చదివింది. ఆయన ఒక్కొక్కటే నొక్కాడు. అయిదూ యాభై రెండుకి తెర మీద పచ్చటి టిక్కు పడింది.

"ఇక నా కింద మీ అమ్మొక్కతే," అన్నాడు.

"నన్ను మరీ నమ్ముకోకండి," అంది చాముండేశ్వరి. "నేనూ రెండు చోట్ల ఉద్యోగానికి అప్లై చేశాను."

రామప్రసాద్ నవ్వబోయి, నవ్వలేక, దిమ్మ దిగి కూతురి తల మీద డేగిసా పెట్టాడు. వడగళ్ళు ఆగి అప్పటికి అయిదు నిమిషాలయిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. చాముండేశ్వరి గమనించింది కానీ, చెప్పలేదు.