ఆదివారపు చొక్కా జేబు

దీవిలోని అబర్డీన్ బజార్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం పైన, చెక్క మెట్లెక్కితే వచ్చే ఒంటిగదే డిటెక్టివ్ వీరరాఘవయ్య ఆఫీసు. 1974 డిసెంబరులో ఒక సోమవారం పొద్దున ఆయన కుర్చీలో కూర్చుంటూనే ముక్కు ఎగబీల్చాడు.

"ఆనందబాబూ, ఇవాళ కూడా బామ్ వాసనే. మీ గోడ ఇంకా పూర్తి కాలేదా?"

అసిస్టెంటు ఆనందబాబు భుజం తడుముకుని నవ్వాడు. డిగ్నాబాద్‌లోని తెలుగు చర్చి వెనక మట్టి జారిపోకుండా క్రిస్మస్ లోపల గోడ కట్టాలని సంఘం తీర్మానించింది. దేవుడి పనికి కూలీలు కూడదట. అందుకని నెలరోజులుగా ప్రతి శనివారం సాయంత్రం, ఇంటికొక మగవాడు చొప్పున సముద్రపు ఒడ్డు నుంచి గుట్టమీదికి రాళ్ళు మోస్తున్నారు. సోమవారానికి కూడా ఆనందబాబు నడుము అతని మాట వినడం లేదు.

అంతలో మెట్ల మీద పరుగు చప్పుడైంది. ఇరవై రెండేళ్ళ అమ్మాయి గుమ్మం పట్టుకుని ఆయాసపడుతోంది. ఆనందబాబు గుర్తుపట్టాడు. తమ చర్చికి వచ్చే టీచరు రాజబాబు భార్య ప్రేమావతి.

"సార్, బుధవారం షిప్‌కి టిక్కెట్ తీసేశారు. నన్ను వైజాగ్, మా పుట్టింటికి పంపించేస్తారట. నేను మా ఆయన్ని చంపుతున్నానట!"

వీరరాఘవయ్య మంచినీళ్ళిప్పించి, మెల్లగా అంతా రాబట్టాడు. రాజబాబుకు పద్నాలుగో ఏట నుంచీ షుగరు. రోజూ పొద్దున ఇన్సులిన్ పడితేనే బతుకు. తల్లి ఎలీసబెతుకు చెయ్యి వణకడం మొదలయ్యాక, ఎనిమిది నెలల కిందట పెళ్ళయి వచ్చిన ప్రేమావతే ఆ సూది వేస్తోంది. ఈ మధ్య మూడు ఆదివారాలు అతను ఆరాధన మధ్యలోనే చెమటలు పట్టి, మాట తడబడి పడిపోయాడు. ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కించాక తేరుకున్నాడు.

"డాక్టరుగారు ఇన్సులిన్ ఎక్కువైందన్నారు. అంతే, మా అత్తయ్య నా మొహం చూడ్డం మానేసింది. ఇక్కడ నాకెవరున్నారు? బోలో, భయ్యా!" అని ఆనందబాబు వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు ఎక్కువ వేశావా?" వీరరాఘవయ్య సూటిగా అడిగాడు.

"లేదు సార్. రోజూ సిరంజిలో ఇరవై గీతలే."

"వరసగా మూడు ఆదివారాలా?"

"కాదు సార్. నాలుగింట్లో మూడు. రెండో ఆదివారం ఏమీ కాలేదు. మామూలు రోజుల్లో ఎప్పుడూ కాలేదు."

"వారానికొక్కసారే జరిగితే అది చేతిలోని తప్పు కాదమ్మా. ఆ రోజులో ఏదో ఉంది." వీరరాఘవయ్య లేచి గొడుగు అందుకున్నాడు.

డిగ్నాబాద్‌లో ఆ ఇల్లు అద్దంలా ఉంది. ఎలీసబెతు ఇద్దరికీ టీ ఇచ్చింది. ఒక్క గుక్క తాగి ఆనందబాబు మొహం ముడుచుకున్నాడు. తియ్యదనం జాడే లేదు.

"మా ఇంట్లో పన్నెండేళ్ళబట్టి పంచదార లేదు బాబూ," అందావిడ. "నా కొడుకు తినలేనిది నానెలాగ తింతాను?"

వీరరాఘవయ్య మందు సీసా తెప్పించి వెలుతురుకు పెట్టి చూశాడు. అట్టపెట్టె మీద తెరిచిన తేదీ ఉంది. పది రోజులయింది. ఇరవై రోజులకు రావలసిన మందు, సరిగ్గా సగం మిగిలింది. ఆనందబాబు హుషారుగా చెవిలో అన్నాడు, "చుక్క ఎక్కువ వాడలేదు సార్!"

ఎలీసబెతు ఊరుకోలేదు. పెట్టె తెరిచి ఒక మూట తెచ్చి బల్లమీద విప్పింది. నిండా పటికబెల్లం పలుకులు.

"ఇదుగో సాక్ష్యం! శనివారం రాత్రి ఆడి చర్చి చొక్కా జేబులో ఇది పెడతాది. తెల్లారి నాను తీసేస్తాను. షుగరున్నోడికి మిఠాయా? అటు సూది, ఇటు ఇది. రెండు పక్కలా సంపుతోంది బాబూ!"

"డాక్టరుగారే ఉంచుకోమన్నారు అత్తయ్యా, చెబుతూనే ఉన్నాను కదా!" గుమ్మం దగ్గర నుంచి అంది ప్రేమావతి. ఎలీసబెతు మొహం తిప్పుకుంది.

రాజబాబు కిటికీ పక్కన తల దించుకుని కూర్చున్నాడు. వీరరాఘవయ్య వెళ్ళి అభిమానంగా భుజం మీద చెయ్యి వేశాడు. అతను చివుక్కున వెనక్కి జరిగాడు.

"భుజానికేమైంది మాస్టారూ?"

"రాత్రి దిండు కుదరలేదండీ."

"శనివారాలు మీరు కూడా చర్చి దగ్గరకు వెళ్తారా?"

"వెళ్తాను. పాస్టరుగారు నన్ను రాళ్ళు ముట్టొద్దన్నారు. వచ్చినవాళ్ళ పేర్లు రాస్తాను."

ఆనందబాబు ఏదో అనబోయాడు గాని, వీరరాఘవయ్య అతని కాలు తొక్కాడు.

తిరుగుదారిలో ఆయన రెండే ప్రశ్నలు అడిగాడు. ఆ రెండో శనివారం ఏం జరిగింది? జోరు వాన, పని ఆపేశారు. పడిపోయేముందు మాస్టారు ఏం చేశాడు? జేబులో తడుముకున్నాడు, కానుక వెయ్యడానికేమో అనుకున్నాను అన్నాడు ఆనందబాబు. వీరరాఘవయ్య ఆస్పత్రి వైపు దారి పట్టాడు. డాక్టరుతో అరగంట గడిపి వచ్చాడు.

మంగళవారం సాయంత్రం ఎలీసబెతు ఇంట్లో అందరూ చేరారు. పాస్టరు జ్ఞానయ్యగారు కూడా వచ్చారు. గుమ్మం పక్కన ప్రేమావతి రేకుపెట్టె తాడు కట్టి సిద్ధంగా ఉంది. 

"ఇన్సులిన్ ఎక్కువైందని డాక్టరు చెప్పింది నిజం," వీరరాఘవయ్య మొదలుపెట్టాడు. "కాని ఎక్కువ వెయ్యలేదు. సీసాయే సాక్షి. మరి ఎలా ఎక్కువైంది? ఆనందబాబూ, శనివారం నీ ముందు రాయి మోసిందెవరు?"

ఆనందబాబు మాస్టారి వైపు చూశాడు. "మాస్టారే సార్. పాస్టరుగారు అటు వెళ్ళగానే పుస్తకం ఒక ముసలాయన చేతికిచ్చి, ఇద్దరు మోసే రాయి ఒక్కరే ఎత్తుకుంటారు."

ప్రేమావతి మొగుడి వైపు తిరిగింది. "పేర్లు రాస్తున్నానని చెప్పారు కదా!"

"నాకెందుకు చెప్పలేదు రాజబాబూ?" అన్నారు పాస్టరు.

"మీరు ఆపేస్తారండీ!" రాజబాబు అరిచాడు. "చిన్నప్పట్నుంచీ ఆడొద్దు, పరిగెత్తొద్దు, ఎత్తొద్దు. అందరి ఇళ్ళ నుంచీ మగవాడు వచ్చాడు, మా ఇంటి నుంచి పుస్తకం వచ్చింది. నేనూ మగవాణ్ణే కదా!"

 ఆనందబాబుకు సిగ్గేసింది. 'షుగరు మాస్టారు' అని వెనక నుంచి నవ్వినవాళ్ళలో తనూ ఒకడు.

"ఆనందబాబూ, నీ దగ్గరా ఇతని దగ్గరా ఒకే బామ్ వాసన వచ్చింది. నాకక్కడే అనుమానం," వీరరాఘవయ్య గొంతు మెత్తబడింది. "కష్టపడ్డ కండరం రక్తంలోని చక్కెరను తాగేస్తుంది. పని ఆపినా దాని దాహం తీరదు, తెల్లవారినా తాగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు శరీరానికి తక్కువ ఇన్సులిన్ చాలు. విషయం తెలియక ఈ అమ్మాయి మామూలు మోతాదే వేసింది. చక్కెర అడుగంటింది. వాన కురిసిన వారం రాళ్ళు లేవు, మర్నాడు పడిపోవడమూ లేదు."

"మరి ఆ పటికబెల్లం?" ఎలీసబెతు మొండిగా అడిగింది.

"అమ్మగారూ, చక్కెర పడిపోయినవాడికి అదే ప్రాణం. మీ అబ్బాయి జేబు తడుముకున్నది దానికోసమే. చంపదలచుకున్న మనిషి విరుగుడు జేబులో పెట్టి పంపుతుందా?"

ఎలీసబెతు బల్లమీది మూట వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. "నానా... నానే తీసేసినానా?"

"తీసింది మీరు కాదు, పన్నెండేళ్ళు ప్రేమతో కాచుకున్న మీ భయం. ఇక్కడ హంతకులెవరూ లేరు. ఒకరు దాచారు, ఒకరు భయపడ్డారు. ఇద్దరి మధ్యా నలిగింది ఈ పిల్ల."

"రాళ్ళు మానేయాలా అండీ?" రాజబాబు భయంగా అడిగాడు.

"డాక్టరు మానమనలేదు. చెప్పి మొయ్యమన్నాడు. ముందు కాస్త తిని, పని అయ్యాక షుగరు మళ్ళీ చూసుకుని, మర్నాటి మందెంతో ఆయన్ని అడిగి వేసుకోవాలి. జేబు మాత్రం ఖాళీగా ఉండకూడదు."

ఎలీసబెతు లేచి వెళ్ళి రేకుపెట్టె తాడు విప్పబోయింది. వణికే వేళ్ళకు ముడి రాలేదు. ప్రేమావతి పక్కన కూర్చుని తనూ చెయ్యి వేసింది. ముడి వచ్చినా, ఆ పెద్దావిడ కోడలి చెయ్యి వదల్లేదు.

ప్రేమావతి లేకుండానే బుధవారం షిప్ వెళ్ళిపోయింది. ఆ శనివారం రాజబాబు అందరితో పాటు మోశాడు, బరువు మాత్రం ఒక్క మనిషి మోసేంతే. ఒడ్డున ఉన్న పేర్ల పుస్తకంలో మొదటి పేరు అతనిదే.

ఆదివారం ఆరాధన సగంలో ఉండగా ఆడవాళ్ళ వైపు నుంచి ఎలీసబెతు లేచింది. అంతమంది చూస్తుండగా మగవాళ్ళ వైపు వచ్చి, కొడుకు నుదుటి మీద చెమట ఉందేమోనని తడిమి చూసింది. చెంగులోంచి రెండు పటికబెల్లం పలుకులు తీసి జేబులో వేసింది.

"తీసిన సెయ్యి ఇదే," అంది పక్కనున్న ఆనందబాబుకు వినబడేట్టు. "పెట్టేది కూడా ఇదే అవ్వాల."

ఆ సాయంత్రం వాళ్ళింట్లో డిటెక్టివ్‌కీ అసిస్టెంటుకీ టీ ఇచ్చారు. ఆనందబాబు భయపడుతూనే ఒక గుక్క తాగాడు. తియ్యగా ఉంది.