ఎర్త్ బోల్టు మీద గోళ్ళ రంగు

పలాస నుంచి సముద్రం ఒడ్డు దాకా, అబద్ధమాడి ఒక్కసారి కూడా దొరకని మనిషిని నేనొక్కణ్నే. ఇవాళ పొద్దున్నే మా అమ్మకి రెండుసార్లు దొరికాను గానీ, ఇంట్లోవి లెక్కలోకి రావు.

నా పేరు కామేశ్. ఉద్దానం నుంచి పలాస ఫ్యాక్టరీలకి వ్యానులో జీడిపిక్కలు తోలుతుంటాను. రెండు నెలల కిందట ఆ వ్యానుకి దెయ్యం పట్టింది. బ్రేకు నొక్కితే డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ వెలుగుతాయి. కుడి ఇండికేటర్ వేస్తే ఎడమది కూడా కన్నుకొడుతుంది. నన్ను తిట్టడానికి వెనకొచ్చే లారీవాళ్ళు కొత్త మాటలు కనిపెట్టుకున్నారు.

కాశీబుగ్గలో పాపారావు ఎలక్ట్రికల్ కొట్టు ముందు ఆపాను. మోకాళ్ళ నొప్పులొచ్చాక ఆయన కుర్చీలో కూర్చుంటున్నాడు. పనంతా కూతురు హిమజదే.

"ఫ్యూజు పోయుంటాది. బళ్ళ గురించి నాకు మొత్తం తెలుసు," అన్నాను.

"అయితే మీరే సేసుకోండి," అని టెస్ట్ లైటు నా చేతిలో పెట్టింది.

నేను దాన్ని తలకిందులుగా పట్టుకున్నాను. తనే లాక్కుని బండి వెనక దూరింది.

"ఎర్త్ లేదు. సముద్రం గాలికి ఎర్త్ వైరు బోల్టు తుప్పట్టీసింది. కరెంటుకి దారి దొరక్క కనపడిన లైటులోకల్లా దూరతంది."

తుప్పు గీకి, బోల్టు బిగించి, గ్రీజు రాసింది. పది నిమిషాలు. ఈలోగా చినుకులు మొదలయ్యాయి. నుదుటి మీద పడిన చినుకుని చేత్తో తుడుచుకుంటే అక్కడ గ్రీజు అంటింది. అంత అందమైన మరక శ్రీకాకుళం జిల్లాలో అంతకుముందు పడలేదు.

వ్యాను బాగైపోయింది. అదే నా కష్టం. బాగున్న బండితో మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

అందుకే వారం తిరిగాక ఆ బోల్టు నేనే వదులు చేశాను. రోడ్డు భద్రత నాకు ప్రాణం కాబట్టి, కొట్టుకి వంద గజాల ముందు ఆగి మరీ చేశాను. అలా నాలుగుసార్లు.

నాలుగోసారి వదులు చేసి వెళ్ళేసరికి పాపారావు కుర్చీలోంచి లేచాడు.

"ఒకటే రోగం ఐదుసార్లొచ్చిందంటే నీకు పని రానట్టేనమ్మా. సోమారం నుంచి కొట్టు ఆ మెకానిక్కు నారాయణరావుకి ఇచ్చీత్తాను. నువ్వు ఇంటికాడ కూకో."

హిమజ తండ్రి చెయ్యి పట్టుకుని వ్యాను వెనక్కి తీసుకెళ్ళింది.

"ఇటు సూడు నాన్నా. బిగించినప్పుడల్లా బోల్టు మీంచి రేకు మీదకి గోళ్ళ రంగుతో తిన్నగా ఒక గీత గీసినాను. బోల్టు కదిలితే గీత ఇరుగుతాది. సగం ఇక్కడుంది, సగం అక్కడుంది."

"మా ఉద్దానం రోడ్లు గదా, కుదుపులకి కదిలుంటాది," అన్నాను. అలవాటు.

"కుదుపులకి పదో నంబరు పానా ఎవులిచ్చినారు?"

క్యాబిన్‌లోకి ఎక్కి, నా సీటు కిందనుంచి పానా తీసింది. దాని మూతికి తన గ్రీజే ఉంది.

పాపారావు పానాని చూశాడు, నన్ను చూశాడు. "ఏటిరా ఇది?"

నా దగ్గర మూడు అబద్ధాలు తయారుగా ఉన్నాయి. హిమజ కళ్ళు చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"నేనే వదులు సేసినాను బాబూ. మీ అమ్మాయి పని బంగారం. బండి మొదటిరోజే బాగైపోయింది."

"మరెందుకురా?"

"బాగుంటే తనని సూడ్డానికి రాలేను గదా."

పాపారావు జేబులోంచి కొట్టు తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"నారాయణరావుకి వద్దని సెప్పీసొత్తాను," అని మోకాళ్ళ సంగతి మరిచిపోయి చకచకా నడిచాడు. మూల తిరిగేముందు నాతో అన్నాడు: "ఈసారి బండి కాదు, మీ అమ్మని తీసుకురా."

మేమిద్దరమే మిగిలాం. మళ్ళీ చినుకులు.

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండోసారికే."

"మరి ఇన్నిసార్లు ఎందుకు బిగించినావు?"

తన గోళ్ళు చూసుకుంది. "సీసాలో రంగు ఇంకా ఉంది గదా అని."

తను పానాని తన డబ్బాలో వేసి మూత పెట్టింది.

"రేపు బోల్టు ముట్టుకోకు. ఊరికే రా. పానా నా కాడే ఉంటాది."

"డ్యాష్‌బోర్డు అరలో ఇంకోటుంది," అని అదీ ఒప్పేసుకున్నాను.