ఏడో నంబరు పేషెంటు

"జీడిపిక్కలు కాలాయా?"

"పొగ ఇంకా పోలేదు."

కోడ్ సరిపోయింది. పలాస జీడి గోదాంలో చీఫ్ పట్టాభిరామయ్య తలుపు వేశాడు. ఆటోడ్రైవర్ ఖాకీ చొక్కాలో వచ్చిన ఏజెంట్ ఫణిశంకర్ కూర్చోలేదు.

"ఉద్దానం కిడ్నీజబ్బు ప్రోగ్రాం," అన్నాడు చీఫ్. "నాలుగు ప్రాజెక్టులు. బావినీళ్ళ పరీక్ష, రక్తపరీక్ష, డయాలసిస్, పైపులైను. ఒకదాని ఫలితం చూసి ఇంకోదాన్ని మారుస్తాం. బావినీళ్ళు మంచివని తేలితే పైపులైను ఆగిపోతుంది. అందుకే ఓ విదేశీ ముఠా శాంపిల్ సీసాలు మార్చబోతోంది. పైపు రాకపోతే, రిపోర్టు ఏం చెప్పినా భయపడే జనం వాళ్ళ ఫిల్టర్ మెషీన్లు కొంటారు."

"కిడ్నీలు పోయినవాళ్ళ నీళ్ళమీద బేరం." ఫణిశంకర్ కిటికీలోంచి ఉమ్మాడు.

"సీసాలు కవిటి డయాలసిస్ సెంటర్ ఫ్రిజ్‌లో ఉన్నాయి. సాయంత్రం నాలుగున్నరకి పూండిలో విశాఖ ల్యాబుకి రైలెక్కాలి. మన జాహ్నవి తోడుంటుంది."

జాహ్నవి. నల్లకళ్ళద్దాలు, సిల్కు చీర, సెంటు. కన్సల్టెంట్ వేషం. కవిటిలో ఫ్రిజ్ పక్క బెంచీమీద, చేతికి కట్టుతో కూర్చున్న మనిషిని చూపించింది.

"ఏడో నంబరు పేషెంటు. నేనే లిస్టులో వేయించాను. నిజం పేషెంటే, సీసాలకి మన కాపలా. సీసాల బాక్సుతో పూండి వచ్చేయ్." కారెక్కి వెళ్ళిపోయింది.

ఎవరో కొబ్బరిబొండాలు కొట్టి తెచ్చారు. ఏడో నంబరు ఒకటి అందుకుని గటగటా తాగేశాడు.

మూడేళ్ళుగా అక్కడ డయాలసిస్ చేయించుకుంటున్న దాలమ్మ కేకేసింది.

"ఓలమ్మో! డయాలసిస్ మడిసివి, బొండం నీళ్ళు తాగేత్తన్నావేటి? గుండాగి సత్తావు! తోటనిండా కాయలున్నా మేం సుక్క ముట్టం!"

ఫణిశంకర్ ఒక్క అంగలో వెళ్ళి ఆ కట్టు పీకాడు. సూదిగాటు లేదు. బొత్తామంత వైర్‌లెస్ ఉంది. వాణ్ని బేడీలతో బెంచీకి బిగించాడు. లిస్టులో వేయించింది జాహ్నవి. డబుల్ ఏజెంట్.

ఫోన్ తీశాడు. "చీఫ్, ప్లాన్ మారుస్తున్నాను."

"అందరి సంతకాలూ అయిన ప్లానయ్యా!"

"అయితే అవనీ."

పూండి. నాలుగూ ఇరవై తొమ్మిది. రైలు ఆగింది. ఫణిశంకర్ బాక్సు అందించి పక్కకి తప్పుకున్నాడు. జాహ్నవి పార్సిళ్ళ చాటున సీలు కోసింది. హ్యాండ్‌బ్యాగులో దొంగ సీసాలు సిద్ధం. మూత ఎత్తింది.

లోపల భావనపాడు ఎండుచేపలు. ముక్కు మూసుకునే లోపే చేతికి బేడీ పడింది.

"సీసాలు రైల్లోనే పంపాలని ప్లాన్‌లో ఉంది!"

"అది పొద్దుటి ప్లాను. అవి చేపలబండి ఐసులో విశాఖ పోతున్నాయి."

మూడోనాడు ఫలితం వచ్చింది. నీళ్ళు చెడ్డవే. పైపులైను ఆగలేదు. ఆ కబురు ఫణిశంకర్ దాలమ్మకి చెప్పాడు.

"సెడ్డవని మాకు తెల్దేటి? పైపెప్పుడొత్తాది?"

"మీటింగు పెట్టారు."

"అందులో బొండాలిత్తారా?"

"ఇస్తారు."

"తాగనీ బావూ. ఆళ్ళకి కిడ్నీలున్నాయి."