ముద్దపూల ముంగిలి

అచ్చామ్మకు అసహ్యం వేయని వస్తువు ఈ లోకంలో ఏదైనా ఉందా అని వెతకబోతే పూట గడిచిపోతుంది. మూత సరిగా పెట్టని పచ్చడి జాడీ, కాళ్ళు తుడుచుకోకుండా వరండా ఎక్కేవాళ్ళు, చర్చిలో ప్రసంగం మధ్యలో ముక్కు చీదేవాళ్ళు, అన్నీ ఆమెకు రోతే. రోజుకు నలభై సార్లు "ఛీ" అనకపోతే పొద్దుపోదు. ఆ ఛీలు వింటూ, ప్రతిదానికీ నవ్వుతూ, పైలీ ఆమెతో నలభై నాలుగేళ్ళు కాపురం చేశాడు.

ఆ శనివారం పొద్దున మొదటి ఛీ జావ గిన్నె దగ్గర పడింది. పక్షవాతం వచ్చిన పైలీని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి పన్నెండు రోజులైంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. అచ్చామ్మ చెంచాతో పెట్టిన బియ్యం జావ ఆయన పెదవి చివర నుంచి మెడ మీదికి, అక్కడి నుంచి దిండు మీదికి కారింది. ఆయన మింగలేక కాదు. పళ్ళు బిగబట్టి పడుకున్నాడు.

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఆసుపత్రిలో ఆరు వారాలు ఇంటికి పోదాం అంటే చాలు, పిల్లాడిలా నోరు తెరిచి తిన్నాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు తిన్నాడో లేదో, మూడో రోజు నుంచి ఇదే వరస, రోజంతా కలిపి నాలుగు చెంచాలు దిగితే గొప్ప. సోమవారం దాకా చూస్తానని, అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదని డాక్టరు చెప్పి వెళ్ళాడు. ఆ మాట పైలీకి కూడా వినబడింది. విని, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

తుడవడానికి వంగినప్పుడు అచ్చామ్మ ముక్కుకు అత్తరు చుక్క వేసిన జేబురుమాలు కట్టుకుంది. జావ వాసన, మందు వాసన, మంచం కింది పాత్ర వాసన కలిసి గుప్పుమంటాయి మరి. మొగుడి ఒళ్ళు తుడవడానికి జేబురుమాలు కట్టుకున్నానే అని తన మీద తనకే ఏవగింపు కలుగుతుంది. అయినా కట్టుకోకుండా ఉండలేదు. ఆమె మొహం ఎలా ముడుచుకుంటుందో కింద నుంచి ఆయన చూస్తూనే ఉంటాడు.

"ఎవరి మీద నీ పంతం, ఇచ్చాయా? కిటికీలోంచి చూడు, నీకోసమే చేయించాను ఆ ముంగిలంతా," అంది ఆమె, మొగుణ్ణి ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే.

ఆ మాట సగమే నిజం. పైలీ ఆసుపత్రిలో ఉన్న మొదటి వారమే అచ్చామ్మ ఇద్దరు కూలీలను పెట్టి ముంగిలి మొత్తం గీకించింది. నలభై ఏళ్ళుగా కళ్ళలో నలుసులా ఉన్న పిచ్చిమొక్కలన్నీ ఒక్క పూటలో పోయాయి. తుమ్మి, గడ్డిచామంతి, అత్తిపత్తి, గోడ పట్టుకుని పాకిన గులాబిరంగు గుత్తుల తీగ, ఎవరూ పెంచకుండానే పెరిగిన తులసి వనం, అన్నీ తగలబెట్టించింది. వాటి చోట ఎర్రటి పలకలు పరిపించి, నర్సరీ నుంచి ముద్దమందారాలు, ముద్దబంతులు, ముద్దగన్నేరు తెప్పించి, కుండీల్లో వరసగా నిలబెట్టింది. శనివారం శనివారం ఆకులు మెరవడానికి మందు కూడా కొట్టించేది. సెప్టెంబరులో మాత పండగకు చర్చి మాతృసంఘం వాళ్ళు అందమైన ముంగిలికి బహుమతి ఇస్తారు. సంఘానికి అధ్యక్షురాలై కూడా ఏనాడూ ఆ బహుమతి మొహం చూడలేదు ఆమె. చూస్తే ఎలా చూస్తుంది, మొగుడు ఇంటిముందు అడవి పెంచుతుంటే. ఈ ఏడు బహుమతి తనదేనని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు. న్యాయనిర్ణేతలు రేపు ఆదివారం వస్తారు.

కోడలు బిజి చిన్నపిల్లల బళ్ళో పాఠాలు చెబుతుంది. సెలవు కదా అని ఆ పొద్దున చూరు కింద స్టూలు వేసుకుని ఏదో సర్దుతోంది. పైలీ పడుకున్న గది కిటికీకి సరిగ్గా పైన, ఇనప తీగలకు వేలాడుతూ ఏడు మట్టికుండలు ఉన్నాయి. వాటిలో కుట్టని చిన్న తేనెటీగలు కాపురముంటాయి. దోమంత ఈగలు. పైలీకి పిల్లలకన్నా ఎక్కువ. అవి తెచ్చే బంక సున్నం వేసిన గోడ మీద నల్లగా అంటుకుంటుందని, వాటిని చూసి అచ్చామ్మ అనని ఛీ లేదు.

"అమ్మచ్చీ, ఒక్కసారి ఇలా వచ్చి ఈ కుండకు చెవి పెట్టండి," అని అత్తను పిలిచింది బిజి.

"ఛీ, జిగురంటుతుంది."

"అంటదు లెండి. జిగురు తెచ్చేవాళ్ళు లేరు."

ఆ గొంతులో తేడా వినబడి అచ్చామ్మ వచ్చింది. బిజి కుండ దించి, రెండు చిప్పలూ విడదీసి చూపించింది. మామూలుగా అందులో మైనపు బుడగల నిండా తేనె, పుప్పొడి కిక్కిరిసి ఉంటాయి. ఇప్పుడు బుడగలన్నీ ఎండి చిట్లిపోయాయి. ఎర్రచీమలు బారు కట్టి లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. ఏడింటిలో అయిదు ఇలాగే ఉన్నాయని, మిగతా రెండింట్లో కాస్త కదలిక ఉందని బిజి చెప్పింది.

ఈగలు చస్తే లోకం మునిగిపోదని, పూలు లేక చచ్చాయనడానికి ముంగిలి నిండా పూలే కదా అని అచ్చామ్మ విసుక్కుంది. బిజి వెళ్ళి, అన్నిటికన్నా పెద్ద ముద్దమందారం తెంపుకొచ్చింది. పోటీకని దాచుకున్న పువ్వు అది. అత్త కళ్ళ ముందే రేకులు ఒక్కొక్కటీ లాగి పలకల మీద పడేసింది.

"చూపించండి, ఇందులో తేనె ఎక్కడుందో. పుప్పొడి ఎక్కడుందో. కేసరాలన్నీ రేకులైపోయాయి. ఆ బంతిపువ్వూ అంతే. దూరడానికి సందు లేదు. ఒంటిరేకు పువ్వయితే వాటికి తలుపు తీసి ఉన్నట్టు. మనం కళ్ళకింపుగా ఉందని పెట్టుకుంటాం, అవి దీని చుట్టూ తిరిగి తిరిగి ఆకలితో పోతాయి. పైగా వానాకాలం. ఈ మూడు నెలలూ వాటిని బతికించేది ఆ తుమ్మీ, అత్తిపత్తీనే."

"అయితే మీ చాచన్ నాతో ఒక్క మాట చెప్పొద్దూ?" కోడలు మామగారిని పిలిచే పిలుపే వాడింది అచ్చామ్మ.

"చెప్పారు. మీరు ఛీ అన్నారు."

బిజి ఇంక ఆగలేదు. పెళ్ళయి వచ్చిన తొమ్మిదేళ్ళలో అత్తకు ఎదురు చెప్పని పిల్ల, ఆ పొద్దున గొంతు పెంచకుండానే అన్నీ అనేసింది.

"చాచన్‌కి మీ మీద పంతం లేదు అమ్మచ్చీ. ఆయన వింటున్నారు. ఆసుపత్రిలో ఇంటికి పోదాం అన్నప్పుడల్లా నోరు తెరిచింది ఈ కుండల్లో ఈగల చప్పుడు కోసమే. వచ్చి రెండు రోజులు చెవులు రిక్కించి పడుకున్నారు. చప్పుడు లేదు. కిటికీలోంచి చూస్తే పలకలు. మీకు పొద్దున్నే దగ్గు రాకుండా మిరియాల పొడి కలిపి నాలిక మీద రాసేవారే, ఆ తేనె ఎక్కడిదనుకున్నారు? మీరు తగలబెట్టించిన కలుపుది. నలభై ఏళ్ళు దాన్ని మాత్రం ఛీ అనకుండా మింగారు."

ఇది విని అచ్చామ్మ ఏడ్చిందనుకునేరు. ఏడవలేదు. నువ్వు నాకు చెప్పేంతదానివా అని కోడల్ని కసిరి, వంటింట్లోకి పోయి గిన్నెలు దడదడలాడించింది. తోమిందే తోమింది. మధ్యలో దగ్గొచ్చింది. చెయ్యి అలవాటుగా గూట్లోకి పోయి తేనె సీసా అందుకుంది. అడుగున ఒక్క చెంచాడు మిగిలింది. దాన్ని ముట్టకుండా సీసా మళ్ళీ గూట్లో పెట్టేసింది. తనను చూసి తనకే ఎంత రోత పుట్టిందంటే, జేబురుమాలు తీసి పొయ్యిలో పడేసింది.

తరవాత పార, గంప తీసుకుని కంచె దగ్గరికి నడిచింది. కంచె అవతల సరోజిని ఇల్లు. అచ్చామ్మకు ఆమెతో మూడేళ్ళుగా మాటల్లేవు. నీ ముంగిట్లో పాములు పుడుతున్నాయని పంచాయతీకి ఫిర్యాదు పెట్టింది అచ్చామ్మే. కారణం, సరోజిని ముంగిలి కూడా తుమ్మిమొక్కలతో తెల్లగా పూసి ఉంటుంది. ఓణం పూలముగ్గుకు తుమ్మిపువ్వు కావాలని ఆమె పీకదు.

"కాసిని తుమ్మిమొక్కలు కావాలి, సరోజినీ," అంది అచ్చామ్మ, కంచె వైపు చూస్తూ.

సరోజిని తడిబట్టలు దులుపుతూ తొందరపడకుండా చూసింది. "ఇది అడవి కదా చేడత్తీ. అడవిలో మీకేం పని?" చేడత్తి, అంటే అక్క, అనే పాత పిలుపు మాత్రం మానలేదు.

"అన్నాను. తప్పే. ఆయన అన్నం మానేశాడు."

పైలీ సంగతి వినగానే సరోజిని బట్టలు వదిలేసి వచ్చింది. తానే పార లాక్కుని, వేళ్ళు తెగకుండా మట్టిగడ్డతో సహా తవ్వడం మొదలుపెట్టింది. మధ్యలో నడుం ఎత్తి, మామూలు సంగతిలాగే చెప్పింది. "ఈ విత్తనాలు వేసింది మీ ఆయనే. మా మనవరాలికి ముగ్గుకు తుమ్మి దొరకలేదని నాలుగేళ్ళ కిందట పట్టుకొచ్చాడు. మా ఇంట్లో అచ్చామ్మ ఏదో ఒకరోజు పీకించేస్తుంది, మీ దగ్గర కొంచెం ఉంటే మంచిదన్నాడు."

అచ్చామ్మ బురదలోనే కూర్చుండిపోయింది. అప్పుడొచ్చాయి కన్నీళ్ళు. సరోజిని చూడనట్టే తవ్వుకుంటూ పోయింది.

మధ్యాహ్నానికి కొడుకు సాజు రబ్బరుతోట నుంచి వచ్చేసరికి, తల్లి మోకాళ్ళ మీద కూర్చుని గడ్డపారతో కొత్త పలకలు పెకలిస్తోంది. మతిపోయిందా అని అడగబోయాడు. బిజి కళ్ళతోనే ఆపి, అతని చేతికీ ఒక పార ఇచ్చింది. కిటికీ కింద తుమ్మి, గడ్డిచామంతి నాటారు. చర్చి శ్మశానం గోడ పక్క నుంచి అత్తిపత్తి, గులాబిరంగు తీగ కొమ్మలు తెచ్చారు. పండగకు ముందు ఆ శ్మశానంలో కలుపు పీకించేది మాతృసంఘమే, పీకమని చెప్పేది అచ్చామ్మే. అచ్చామ్మ వేళ్ళకు ముళ్ళు గుచ్చుకున్నాయి, గోళ్ళలో మట్టి చేరింది. మందు కొట్టిన ముద్దపూల కుండీలన్నిటినీ ఆవు కూడా పోని పెరటి మూలకు ఈడ్చి పడేసింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘం కార్యదర్శి రోసిలి ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. సగం పలకలు లేచిపోయి, బురదలో వాడుమొహం వేసిన కలుపుమొక్కలు చూసి, చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ ముడుచుకున్న మొహం అచ్చామ్మకు బాగా తెలుసు. పన్నెండు రోజులుగా తాను మంచం పక్కన పెట్టిన మొహమే అది.

"నా పేరు కొట్టెయ్యి రోసిలీ. ఈ ముంగిలి పోటీకి కాదు," అని చెప్పి లోపలికి వెళ్ళి, జావ గిన్నె తీసుకుని మంచం పక్కన కూర్చుంది.

మొహానికి ఏమీ కట్టుకోలేదు. జావలో ఆ చివరి చెంచాడు తేనె కలిపింది. వాన వెలిసి ఎండ కిటికీలోకి వచ్చింది. పైలీ పళ్ళు బిగించే ఉన్నాడు. చెంచా పట్టుకున్న ఆమె చెయ్యి అలాగే గాలిలో ఆగింది.

అప్పుడు వినబడింది, ఉందో లేదో అన్నంత సన్నంగా. చూరు కింది కుండలో నుంచి రెండు మూడు ఈగలు దిగి తుమ్మిపూల మీద వాలుతున్నాయి. తెల్లటి పువ్వులోకి తల దూర్చి, బయటికొచ్చి, ఇంకో దాంట్లోకి. ఒకటి దారి తప్పి కిటికీ లోపలికి వచ్చి, అచ్చామ్మ మణికట్టు మీద వాలి చెమట నాకడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా జలదరించింది ఆమెకు. అయినా చెయ్యి కదపలేదు, విదిలించలేదు. ఈగ తన పని చూసుకుని, తీరిగ్గా ఎగిరిపోయింది.

ఆమె తలెత్తితే పైలీ తననే చూస్తున్నాడు. ఎడమవైపు పెదవి కొంచెం పైకి లేచింది. గొంతులో ఏదో గరగరలాడింది. ఒకసారి ప్రయత్నించి ఆగి, మళ్ళీ ప్రయత్నించాడు. రెండు నెలల తరవాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

"ఛీ," అన్నాడు.

అచ్చం ఆమె అనేటట్టే అన్నాడు, ముక్కు కూడా కొంచెం ముడిచి. అని, నోరు తెరిచాడు.

అచ్చామ్మ ఏడుస్తూనే చెంచా పెట్టింది. సగం గడ్డం మీదికి కారింది. వట్టి వేళ్ళతో తుడిచి, రెండో చెంచా నింపింది.