"ఎక్కడున్నాం?" అని అడిగే మేడ

ఆ వీధి చివరి మేడకి మంచి పేరు లేదు. ఎప్పటినుంచో లేదు.

పగలు చూస్తే అందులో భయపడాల్సిందేమీ కనబడదు. పెచ్చులూడిన గోడలు, తుప్పుపట్టిన గేటు, మేడమీద గదికి రెక్కలు ఊడిపోయిన పెద్ద కిటికీ. కానీ చీకటి పడ్డాక ఆ గేటు ముందు ఒంటరిగా నిలబడితే... పైనుంచి ఎవరో అడుగుతారట. గట్టిగా కాదు. పక్కన నిలబడ్డ మనిషి చెవిలో అన్నట్టు —

"ఎక్కడున్నాం?"

అంతే. ఆ ఒక్క మాటే. పాలుపోసే అతను విన్నాడు. పేపరు వేసే అతను విని, సైకిలు అక్కడే పడేసి పరుగు లంకించుకున్నాడు. అతని చెప్పు ఒకటి ఇప్పటికీ గేటు దగ్గరే ఉందంటారు. జవాబు చెప్పిన మనిషి మాత్రం లేడు. చెబితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఏదో ఘోరమే అవుతుందని అందరూ తీర్మానించుకున్నారు.

ఇంకో విడ్డూరం కూడా ఉంది. ఆ మేడ ముందున్న వీధిదీపం వెలగదు. కొత్త బల్బు పెట్టిన రాత్రే ఠప్పుమని పోతుంది. మార్చీ మార్చీ విసిగిపోయి, దీపాలు వేసేవాళ్ళు ఆ స్తంభాన్ని దాని ఖర్మానికి వదిలేశారు. ఊళ్ళో ఎక్కడా లేని చిక్కటి చీకటి అక్కడే ఉంటుంది.

ఈ కబురు విన్నవాళ్ళంతా దారి మార్చుకుని తిరుగుతుంటే, పళ్ళ డాక్టరమ్మకి మాత్రం నోరూరింది.

ఆవిడ సంగతి కొంచెం చెప్పుకోవాలి. పగలంతా మనుషుల పళ్ళు పీకుతుంది, చెయ్యి వణకదు. కానీ చీకటంటే చచ్చేంత భయం. వంటింట్లో దీపం వెలిగిస్తే తప్ప మంచినీళ్ళకి కూడా వెళ్ళదు. అలాంటి మనిషికి చుక్కల ఫొటోల పిచ్చి పట్టింది! చూసేది చీకట్లో, తీసేది చీకట్లో, అదీ వీలైతే అమావాస్యనాడు. "దెయ్యాలకీ నీకూ ఒకటే క్యాలెండరు" అని మొగుడు వెక్కిరించేవాడు.

వెక్కిరించక ఏంచేస్తాడు మరి? కెమెరా కొంది. ఆకాశంతోపాటు మెల్లగా తిరిగే స్టాండు కొంది. చలికాలం మొదలైనప్పట్నుంచీ డాబా ఎక్కి గజగజ వణుకుతూ తీసిన ఫొటోల్లో ఉన్నది నల్లటి నలుపు, పక్కింటి నీళ్ళ ట్యాంకు, ఒకసారి తన బొటనవేలు. చలికాలపు ఆకాశంలో కనబడే వేటగాడి చుక్కల గుంపులో, వేటగాడి నడుం కింద, పొగలా వెలిగే మబ్బు ఒకటుంటుంది. అది ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి దొరికితే చాలని ఆవిడ తపన.

ఓ రోజు మొగుడు మరీ ఆటపట్టించేసరికి డాక్టరమ్మకి రోషం పొడుచుకొచ్చింది.

"ఈ అమావాస్యకి ఒక్క మంచి ఫొటో తీయలేకపోతే మొత్తం సామాను అమ్మేస్తా. సరేనా?"

అనేసింది. ఆయన వెంటనే సరేనన్నాడు. అక్కడితో ఊరుకున్నాడా? ఆపరేషన్లకి మత్తిచ్చే తన స్నేహితుడు కొనుక్కుంటానన్నాడని కబురు కూడా పట్టుకొచ్చాడు. అమావాస్య మర్నాడు పొద్దున్నే వచ్చి తీసుకుపోతాడట. డాక్టరమ్మ గుండె జారిపోయింది. మాట వెనక్కి తీసుకోవడానికి ముక్కుమీద కోపం అడ్డొచ్చింది.

ఇక మిగిలింది ఒక్క రాత్రి. ఊరంతటికీ చీకటి ఉన్నది ఒక్క ఆ మేడ దగ్గరే.

తోడుకి ఆడపడుచుని బతిమాలుకుంది. ఆ పిల్ల జనాలకి కారు నడపడం నేర్పుతుంది. రోజూ బ్రేకుకి బదులు యాక్సిలరేటర్ తొక్కే మనుషుల పక్కన కూర్చుంటుంది కాబట్టి, దెయ్యాలని పెద్దగా లెక్కచెయ్యదు.

"నేను కార్లో పడుకుంటా వదినా. దెయ్యం వస్తే లేపు."

"లేపుతాలే. కానీ హెడ్‌లైట్లు వెయ్యకు!"

ఈ లైట్ల విషయంలో డాక్టరమ్మ మహా కచ్చితం. తెల్ల వెలుతురు ఒక్కసారి కళ్ళలో పడితే, చీకటికి అలవాటుపడ్డ చూపు మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ఫొటోలు తీసేవాళ్ళు ఎర్ర వెలుతురు తప్ప ఇంకేదీ దగ్గరికి రానివ్వరు. ఈవిడ వాళ్ళకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. టార్చికి, ల్యాప్‌టాప్‌కి, ఆఖరికి ఆడపడుచు ఫోనుకి కూడా గిఫ్టులకి చుట్టే పల్చటి ఎర్ర కాగితం అంటించింది. వీధి మొదట్లోనే కారు దీపాలు ఆర్పించి, ఇంజను కట్టేయించి, ఇద్దరూ కలిసి దాన్ని మేడ దాకా తోసుకెళ్ళారు.

"ఇంతకంటే దెయ్యమే నయం" అంటూ ఆయాసపడుతూ ఆడపడుచు వెనక సీట్లో ముడుచుకుంది.

గేటు కిర్రుమంది. ఎర్ర టార్చి వెలుతురులో పేపరతని చెప్పు నిజంగానే కనబడింది. డాక్టరమ్మ దాన్ని చూడనట్టు దాటేసి, వాకిట్లో స్టాండు నిలబెట్టింది. పెదాలు ఏదో పాట కూనిరాగం తీస్తున్నాయి.

ఈసారి ఆవిడ దగ్గర కొత్త ఆయుధం ఉంది. ప్లేట్ సాల్వింగ్ అని ఒక సాఫ్ట్‌వేర్. కెమెరా ఎటు చూస్తోందో మనకి తెలియకపోయినా ఫరవాలేదు. ఒక ఫొటో తీసి దానికిస్తే, అందులో చుక్కలు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి, తన దగ్గరున్న ఆకాశపటాలతో పోల్చి, ఫలానా చోట చూస్తున్నావని చెబుతుంది. చెప్పడమే కాదు, ఎటు తిరగాలో స్టాండుకి తనే చెప్పి తిప్పిస్తుంది.

అదంతా అది పనిచేస్తే!

ధ్రువనక్షత్రం వైపు స్టాండు గురిచూసి పెట్టింది. వేటగాడి దగ్గరికి వెళ్ళమని నొక్కింది. స్టాండు జుయ్యిమని తిరిగి ఆగింది. ఫొటో తీసింది. ల్యాప్‌టాప్ ఆలోచించింది... ఆలోచించింది...

దొరకలేదు.

మళ్ళీ తీసింది. దొరకలేదు. లెన్సు వివరాలు సరిచేసింది. దొరకలేదు. పొద్దున్నే వచ్చే మత్తు డాక్టరు, ఖాళీ చేతులు చాచి గుమ్మంలో నిలబడ్డట్టు కళ్ళకి కట్టింది.

అప్పుడు వెలిగింది బుర్రలో. తను దించుకున్న పటాలు పెద్ద టెలిస్కోపులవి! అవి ఆకాశాన్ని చిన్న చిన్న ముక్కలుగా చూస్తాయి. తన లెన్సు చూసేదేమో ఒకేసారి బోలెడంత ఆకాశం. అంటే ఇందాకట్నుంచీ వీధి పటంలో దేశాన్ని వెతికిస్తోందన్నమాట. తనని తాను నాలుగు తిట్టుకుని, ఫోను నెట్‌తో పెద్ద పటాలు దించి, ఇంకో ఫొటో తీసింది. చుక్కలు కాస్త ఉబ్బినట్టున్నాయి, ఫోకస్ తప్పిందేమో... ఫరవాలేదు, నొక్కేసింది.

టింగ్!

దొరికింది! డాక్టరమ్మ ఎగిరి గంతేసింది. జన్మలో మొదటిసారి దొరికింది! ఆత్రంగా తెరమీదికి వంగి చదివింది.

వృశ్చికం.

ఇంకోసారి చదివింది. వృశ్చికమే.

వృశ్చికం ఎండాకాలపు గుంపు. వేటగాడు నెత్తిన ఉన్నప్పుడు అది భూమికి అవతల వైపు... సరిగ్గా కాళ్ళ కింద ఉంటుంది. ఇప్పుడు ఆకాశంలో ఎక్కడ వెతికినా లేదు. లేని చుక్కల్ని కెమెరా ఎలా చూసింది?

అప్పుడే, చెవి పక్కనే అన్నట్టు —

"ఎక్కడున్నాం?"

"వృశ్చికంలో ఉన్నాం, నా మొహం!" అని కసిరింది డాక్టరమ్మ, తెరమీంచి తల ఎత్తకుండానే. "నువ్వు పడుకో!"

"సరే..."

బరువేదో దింపినట్టు, ఒక పొడుగాటి నిట్టూర్పు.

డాక్టరమ్మ వేళ్ళు అలాగే ఆగిపోయాయి. మెల్లగా... చాలా మెల్లగా... మెడ తిప్పింది. ఆడపడుచు పక్కన లేదు. గేటు అవతల కార్లోంచి దుప్పటి కప్పుకున్న తల ఒకటి బయటికొచ్చింది.

"ఎవరితో వదినా... మాట్లాడుతున్నావ్?"

అంతే! డాక్టరమ్మ పెట్టిన కేకకి ఆడపడుచు కేక పెట్టింది. ఆ కేకకి డాక్టరమ్మ ఇంకోటి పెట్టింది. ఒక్క అంగలో గేటు దాటి, కార్లో దూరి, తలుపు వేసుకుని ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కరుచుకుపోయారు.

"పోనీవే! పోనీ!"

"హెడ్‌లైట్లు వేసుకోవచ్చా?"

ఆ ఒక్క ప్రశ్నతో డాక్టరమ్మ ఆగింది. కిటికీలోంచి చూస్తే వాకిట్లో తన కెమెరా, పాపం, ఒంటరిగా నిలబడి ఉంది. ఇప్పుడు పోతే అది దెయ్యానికైనా దక్కుతుంది, మత్తు డాక్టరుకైనా దక్కుతుంది. తనకి మాత్రం దక్కదు.

"నేను దిగుతున్నా" అంది.

"పిచ్చా?"

"పిచ్చే. నువ్వూ దిగు."

ఇద్దరూ ఒకే దుప్పట్లో దూరి, నాలుగు కాళ్ళ జంతువులా వాకిట్లోకి నడిచారు. డాక్టరమ్మ కెమెరా వెనక కూచుని, లెన్సు ఎటు చూస్తోందో అటే చూసింది. లెన్సు చూస్తున్నది ఆకాశం కాదు. మేడమీద కిటికీ. రెక్కల్లేని ఆ కిటికీలోంచి గది పైకప్పు కనబడుతోంది. పైకప్పు నిండా... పచ్చగా, చల్లగా మెరుస్తూ... చుక్కలు.

ఆడపడుచే ముందు తేరుకుంది.

"వదినా... అవి పిల్లల గదుల్లో అంటించే రేడియం స్టిక్కర్లు!"

అంతే, నవ్వు మొదలైంది చూడండీ, డాక్టరమ్మ వాకిట్లో చతికిలబడి పొట్ట పట్టుకుంది. ఎవరో మహానుభావుడు ఒక్క చుక్క తేడా లేకుండా అంటించాడు. సాఫ్ట్‌వేర్ నిజమైన ఆకాశమే అనుకుంది! ధ్రువనక్షత్రం అని తను గురిపెట్టింది దూరంగా టవరు మీద దీపానికి. అందుకే వేటగాడి దగ్గరికి పొమ్మంటే స్టాండు బెడ్‌రూమ్‌లోకి తొంగిచూసింది.

"మరి ఆ గొంతు?" అంది డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"నేనే అయ్యుంటా. నిద్రలో కలవరిస్తానని అమ్మ ఎప్పుడూ అంటుందిగా."

హమ్మయ్య అనుకున్నారు. ఈసారి అసలు ధ్రువనక్షత్రాన్నే పట్టుకుని స్టాండు తిప్పారు. టింగ్! దొరికింది. స్టాండు ఇంకాస్త జరిగింది. టింగ్! తెర మధ్యలో వేటగాడు. ఫొటో మీద ఫొటో పడుతుంటే, వాటిలోంచి గులాబీరంగు పొగ మెల్లగా రెక్కలు విప్పుకుంది. డాక్టరమ్మ ఈసారి నిజంగానే ఏడ్చేసింది, ఆనందంతో.

పొద్దున్న మత్తు డాక్టరు వచ్చేసరికి ఫొటో సిద్ధంగా ఉంది. మొగుడు దాన్ని చేతుల్లోంచి దించడంలేదు.

"సామాను అమ్మేది లేదులేరా" అన్నాడు స్నేహితుడితో, తనే తీసినట్టు గర్వంగా.

మత్తు డాక్టరు ఏమాత్రం నొచ్చుకోలేదు. ఎక్కడ తీశారని అడిగాడు. డాక్టరమ్మ పకపకా నవ్వుతూ మొత్తం కథ చెప్పింది. ఆయన నవ్వలేదు.

"అది మా బాబాయి ఇల్లు మేడమ్. ఓడల మీద చుక్కలు చూసి దారి చెప్పే ఉద్యోగం ఆయనది. మంచాన పడ్డాక పైకప్పు మీద తనే దగ్గరుండి చుక్కలు అంటింపించుకున్నాడు. రోజూ రాత్రి నన్ను పక్కన పడుకోబెట్టుకుని, అవి చూపించి అడిగేవాడు... ఎక్కడున్నాం, అని."

ఆడపడుచు చేతిలో కాఫీ కప్పు ఆగింది.

"నేను మొదట ఎప్పుడూ తప్పే చెప్పేవాణ్ణి. సరిగ్గా చెబితేగానీ ఆయనకి నిద్రపట్టేది కాదు. నేను చదువుకి వెళ్ళిపోయాక... చెప్పేవాళ్ళు లేకుండానే పోయాడు." ఆయన ఫొటోని దగ్గరికి తీసుకుని చూశాడు. "అయినా ఆ చుక్కలు మీకెలా కనబడ్డాయి? కాసేపు మంచి వెలుతురు చూపించి ఆర్పితేనే అవి మెరుస్తాయి. అదీ అరగంట, గంట. ఆ ఇంటికి కరెంటు తీసేసి ఏళ్ళయింది."

"మా టార్చి..." అని మొదలెట్టింది డాక్టరమ్మ.

"ఎర్ర కాగితం" అంది ఆడపడుచు గొంతు తగ్గించి.

"ఎర్ర వెలుతురుకి అవి వెలగవు" అన్నాడాయన.

ఆ రాత్రి ఆ వీధిలో తెల్లటి వెలుతురన్నది లేకుండా చూసిన మనిషి డాక్టరమ్మే. కారు తోసింది కూడా అందుకే.

"మేడమ్" అన్నాడు మత్తు డాక్టరు. "సరిగ్గా చెబితే ఆయన ఏమనేవాడో తెలుసా? ఒక పెద్ద నిట్టూర్పు విడిచి... సరే, అనేవాడు."

ఆడపడుచు వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది. పట్టుకోకపోయినా ఆవిడే పట్టుకునేది. ఇద్దరి చేతుల మీదా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అయితే చిత్రం, డాక్టరమ్మకి భయం వెయ్యలేదు. ఎందుకో కళ్ళు మాత్రం తుడుచుకుంది.

ఆ తర్వాత ఆ మేడ ముందు ఎవరికీ ఏ గొంతూ వినబడలేదు. పేపరతను వచ్చి తన చెప్పు తీసుకెళ్ళాడు. దీపాలవాళ్ళు ఎందుకైనా మంచిదని స్తంభానికి ఇంకో బల్బు పెట్టి చూశారు. అది పోలేదు. ఇప్పటికీ భేషుగ్గా వెలుగుతోంది, వాకిలంతా పట్టపగల్లా ఉంటుంది.

ఊరంతా సంతోషించింది, డాక్టరమ్మ తప్ప. ఉన్న ఒక్క చీకటీ చేతులారా పోగొట్టుకుంది మరి. అందుకే ఈమధ్య కుర్చీలో కూచున్నవాళ్ళ నోట్లో దూది కుక్కి, పట్టకారు పైకెత్తి, ఆశగా వంగి అడుగుతుంది —

"మీవైపు... దెయ్యాలున్న ఇల్లేదైనా ఉందాండీ?"